ఓరుగల్లులో గెట్ టుగెదరూ... థర్మకోల్ తోరణమూ...

ముందే చెప్తున్నాను, ఇది చదివాక మా బ్యాచివాళ్ళలో సగం మంది నన్ను తిట్టుకుంటారు. మిగతా సగం ఫోన్ చేసి "కరెక్టుగా రాశావు మామా" అంటారు, ఫోన్ పెట్టేసి ఆ రిసార్టుకే డబ్బులు కట్టేస్తారు. అయినా రాయక తప్పట్లేదు. కడుపులో పెట్టుకుని మూడు వారాలుగా తిరుగుతున్నా.

విషయం ఏంటంటే... మాకో సంఘం ఉంది. సంఘం అంటే పెద్దగా ఊహించుకోకండి. రిజిస్ట్రేషన్ లేదు, అధ్యక్షుడు లేడు, దండలూ శాలువాలూ లేవు. హైదరాబాదు శివార్లలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో 2015లో చేరి 2019లో బయటపడిన యాభై రెండు మందిమి. మొదట్లో హాస్టల్ రెండో అంతస్తు కుర్రాళ్ళం మాత్రమే, తర్వాత క్లాసులో అమ్మాయిలూ చేరారు. దానికో పేరు కూడా ఉంది గానీ హాస్టల్లో పెట్టుకున్న పేరు కాబట్టి ఇక్కడ రాయను, ఇంట్లోవాళ్ళు చదువుతారు. ప్రతి ఏడాదీ ఓ శని, ఆదివారాలు ఎక్కడున్నా వచ్చి కలవాలి. ఏడాదికొకరు హోస్టు. ఇదీ నియమం.

ఈసారి "గోవాలూ కూర్గులూ అయిపోయాయి, ఏదైనా చారిత్రక నగరంలో పెడదాం" అన్నారు. మాది హనుమకొండ. ఇంకేముంది, "మామా, మీ వరంగల్లే. నువ్వే హోస్టు" అని అందరూ నామీద పడ్డారు.

నిజం చెప్పాలంటే ఎగిరి గంతేశాను. ఉద్యోగం వచ్చినప్పటినుంచీ బెంగళూరులో ఉంటూ "మీ వరంగల్లో ఏముందిరా?" అనే ప్రశ్నకి జవాబు చెప్పీ చెప్పీ విసిగిపోయినవాణ్ణి. ఆ రాత్రే కూర్చుని ఓ జాబితా రాసుకున్నాను. పొద్దున్నే కోట. తర్వాత వేయిస్తంభాల గుడి. సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట. మర్నాడు రామప్ప. మధ్యలో మా అమ్మ చేతి సర్వపిండి.

మర్నాడు పదకొండింటికి మా "కోర్ కమిటీ" నుంచి ఒక ఎక్సెల్ షీటు వచ్చింది. (కోర్ కమిటీ ఎప్పుడు పుట్టిందో, ఎవరు ఎన్నుకున్నారో నన్నడక్కండి. ముగ్గురు. ముగ్గురివీ మంచి ప్యాకేజీలు. అంతే అర్హత.) అందులో ఇలా ఉంది.

ఊరికి దూరంగా రిసార్టు, ఒక రాత్రి, రెండు పగళ్ళు. వెల్‌కమ్ డ్రింకు. పూల్. శనివారం రాత్రి ఎనిమిది నుంచి "కాకతీయ నైట్": డీజే, బోన్‌ఫైరు, మిగతావి మీకు తెలిసినవే. కాకతీయ తోరణం బొమ్మ వేసిన టీషర్టు తలా ఒకటి. రిసార్టు గేటు దగ్గర పదిహేనడుగుల థర్మకోల్ కాకతీయ తోరణం, లైట్లతో సహా ఇరవై ఎనిమిది వేలు. ఆదివారం పొద్దున "కోట సందర్శన - 45 నిమిషాలు, గ్రూప్ ఫోటో, డ్రోన్ షాట్". మొత్తం మనిషికి తొమ్మిది వేల ఎనిమిది వందలు. రానుపోను ఛార్జీలు ఎవరివి వాళ్ళవే.

ఈవెంటు మేనేజరుగారు ఇంకో అడుగు ముందుకేసి, మన అమ్మాయిల్లో ఒకరు రుద్రమదేవి వేషంలో గుర్రం మీద వస్తే వీడియో అదిరిపోతుందని సలహా కూడా ఇచ్చాడు. గుర్రం ఎక్స్‌ట్రా.

అసలు తోరణాలు నాలుగు, ఏడెనిమిది వందల ఏళ్ళ నాటివి, అదే ఊళ్ళో రాతితో నిలబడి ఉన్నాయి. వాటి దగ్గర ముప్పావు గంట. థర్మకోల్ దాని కింద ఒక రాత్రంతా. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అయినా నా కోపం తోరణం గురించి కాదు. ఆగండి, చెప్తాను.

షీటు పెట్టిన రెండు రోజుల్లో ఇరవై నాలుగు మంది "ఐయామ్ ఇన్" అన్నారు. ఓ పదిమంది "ఈసారి కుదరదురా" అన్నారు. మిగతావాళ్ళు చప్పుడు చెయ్యలేదు. హోస్టుని కదా, "కుదరదు" అన్నవాళ్ళకి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ఇంతవరకూ ఏ హోస్టూ చెయ్యని పని ఇది. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను, 2023లో గోవాలో బీచిలో కూర్చుని "వాడేడిరా, రాలేదా?" అని ఒకసారి అడిగి మళ్ళీ గ్లాసు అందుకున్న బాపతే. వాడికి ఫోన్ చేద్దామని మాత్రం తోచలేదు.

ఒకడికి మార్చిలో ఉద్యోగం పోయింది. గ్రూపులో చెప్పలేదు, లింక్డిన్‌లో పాత కంపెనీ పేరే ఉంది. ఒకడు ప్రైవేటు కాలేజీలో లెక్చరరు, జీతం మూడు నెలలకోసారి వస్తుంది. ఒకమ్మాయి అంది, "మీ అసలు ప్రోగ్రాం రాత్రి ఎనిమిదికి మొదలవుతుంది. ఆ టైముకి నా బిడ్డని ఎవరికిచ్చి రావాలి చెప్పు? పొద్దున్నేమో అందరూ పడుకునుంటారు." జవాబు లేదు నా దగ్గర. మా యాభై రెండు మందిలో అమ్మాయిలు పదకొండు మంది. కిందటేడు కూర్గుకి వచ్చింది ఇద్దరు.

ఆఖరి ఫోను నా రూమ్మేటుకి. నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. వాడిది కొత్తవాడ. వరంగల్ తెలిసినవాళ్ళకి ఆ పేరు చెప్పగానే జంపఖానాలు గుర్తొస్తాయి. నేతగాళ్ళ పేట. 2018లో వరంగల్ జంపఖానాలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, అదీ ఇలాంటి మగ్గాల పుణ్యమే. వీడు చదువయ్యాక హైదరాబాదులో కాంట్రాక్టు మీద టెస్టింగ్ చేశాడు, 2024లో ప్రాజెక్టు అయిపోయిందని పంపేశారు. ఇంటికొచ్చి జూనియర్ కాలేజీ పిల్లలకి లెక్కలు ట్యూషన్ చెప్తున్నాడు.

అంటే అర్థమైందా మీకు? మేం ఎక్కడెక్కడినుంచో వరంగల్ వస్తున్నాం. వాడు వరంగల్లోనే ఉన్నాడు. వాడు రాలేడు.

నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పేస్తాను. "డబ్బుల సంగతి నేను చూసుకుంటా, నువ్వు రారా" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు వాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "వద్దురా. మీరు కోటకాడికి వచ్చినప్పుడు ఫోన్ చెయ్. వచ్చి కలుస్త. చాయ్ తాగుదం."

షీటు తెరిచి చూశాను. కోట, 45 నిమిషాలు, గ్రూప్ ఫోటో, డ్రోన్. చాయ్‌కి టైం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ సంఘం ఎలా మొదలైందో మా వాళ్ళందరూ మర్చిపోయినట్టున్నారు, గుర్తుచేస్తాను. మూడో సంవత్సరంలో ఒకడికి ఫీజు రీయింబర్స్‌మెంటు రాలేదు. నువ్వే కట్టు, కడితేనే హాల్‌టికెట్టు అన్నారు కాలేజీలో. పరీక్షకి మూడు రోజులుంది. అప్పుడు మా రూమ్మేటే ఒక లాంగ్ నోట్‌బుక్కు పట్టుకుని రూము రూముకీ తిరిగాడు. రెండు రాత్రుల్లో పద్దెనిమిది వేలు పోగయ్యాయి. నోట్‌బుక్కులో ఆఖరి పేజీలో పేర్లు మాత్రం రాశాడు, ఎవరెంతిచ్చారో రాయలేదు. అదేంట్రా అంటే, "రాస్తే వంద ఇచ్చినోడు సిగ్గుపడ్తడు" అన్నాడు. ఆ పేజీలో ఉన్న పేర్లే మా సంఘం మొదటి సభ్యుల జాబితా. అలా పుట్టింది ఇది. పూల్ పార్టీలో పుట్టలేదు.

ఆ పేజీ రాసినవాడికి ఇవాళ ప్రవేశ రుసుం తొమ్మిది వేల ఎనిమిది వందలు.

లెక్కలు కావాలా? మనవాళ్ళకి లెక్కలుంటేనే ఎక్కుతుంది కదా. కోవిడ్ పోయాక మొదటిసారి 2022లో కలిశాం, హైదరాబాదులో ఒకడి అపార్టుమెంటు మేడ మీద. బిర్యానీ, పెరుగు, కూల్‌డ్రింకులు. తలా నాలుగొందలు. వచ్చింది నలభై ఒక్క మంది. 2023 గోవా, ఎనిమిది వేలు, వచ్చింది ఇరవై ఏడు. 2024 కూర్గు, తొమ్మిది వేలు, వచ్చింది ఇరవై రెండు. రిలీజు రిలీజుకీ ఖర్చు పెరిగి యూజర్లు సగానికి పడిపోయిన ప్రాడక్టుని మన ఆఫీసులో అయితే ఏం చేస్తాం? కారణం వెతుకుతాం. ఇక్కడ మాత్రం "జనాలకి ఇంట్రెస్టు తగ్గింది మామా" అని తేల్చేశారు. ఇంట్రెస్టు తగ్గలేదు నాయనా, మనం తగ్గించాం. ఇంకా సూటిగా చెప్పాలంటే, మనం కొందరిని వడకట్టాం. ఆ జాలీలోంచి దిగనివాళ్ళకి మనమీద ఇంట్రెస్టు లేదని పేరు పెట్టాం.

ఒక్క మాట గుర్తు చేసుకోండి. కార్తీకమాసం వస్తే వనభోజనాలు కూడా కులాలవారీగా పెట్టుకునే మనుషులం మనం. హాస్టళ్ళలో కూడా ఆ గుంపులు లేవని నేననను, ఉన్నాయి, అందరికీ తెలుసు. కానీ హాస్టల్ రూము మాత్రం రోల్ నంబరు ప్రకారం ఇచ్చారు. పక్క మంచం మీద ఎవడు పడుకోవాలో మనం ఎంచుకోలేదు. జీవితంలో మనం ఎంచుకోకుండా దొరికిన స్నేహాలు అవే, అందుకే అవి అంత గొప్పవి. రోల్ నంబరు కలిపిన మనల్ని ఇప్పుడు ప్యాకేజీ విడగొడుతోంది. కులసంఘమైతే కనీసం పేదవాడికి భోజనం పెట్టి ఫోటో అయినా తీసుకుంటుంది. మనం అదీ చెయ్యట్లేదు.

ఇదంతా గ్రూపులో పెట్టాను. జవాబులు వచ్చాయి. ఒక్కోటీ చూద్దాం.

మొదటిది: "ఏడాదంతా గాడిదల్లా పనిచేస్తున్నాం, రెండ్రోజులు ఎంజాయ్ చెయ్యొద్దా?" చెయ్యండి బాబూ. ఎవరొద్దన్నారు? మీరు పదిమంది కలిసి రిసార్టుకి వెళ్ళండి, మాల్దీవులకి వెళ్ళండి, నేనూ వస్తాను కుదిరితే. కానీ దానికి సంఘం పేరు పెట్టకండి. అది మీ టూరు. సంఘం గెట్ టుగెదర్ అంటే యాభై రెండు మందిలో ఎవరైనా సరే, జేబు తడుముకోకుండా రాగలిగేది. ఈ రెంటికీ తేడా తెలియకపోవడమే మొత్తం గొడవ.

రెండోది: "రాలేనివాళ్ళకి మేం స్పాన్సర్ చేస్తాం." మంచి మనసుతోనే అన్నారు, కాదనను. నేనూ అదే తప్పు చేశానని చెప్పాను కదా. కానీ ఆలోచించండి. మీ జీతానికి సరిపోయే కార్యక్రమం మీరు పెట్టుకుని, అందులోకి వాణ్ణి దానంగా పిలిస్తే వాడు స్నేహితుడిగా వస్తాడా, లబ్ధిదారుడిగా వస్తాడా? రాత్రి డీజే దగ్గర మూడో రౌండు తర్వాత ఎవడో ఒకడు నోరు జారతాడు కూడా. అందరూ భరించగలిగే ఖర్చు పెడితే స్పాన్సరు అవసరమే రాదు.

మూడోది: "హిస్టరీ టూర్లు స్కూలు పిల్లలకి మామా. మనకెందుకు రాళ్ళూ రప్పలూ?" ఇది అన్నవాడే కిందటేడు ఆన్‌సైట్‌కి వెళ్ళినప్పుడు రోములో కొలోసియం ముందు ఇరవై ఆరు ఫోటోలు పెట్టాడు. రాళ్ళకి వీసా స్టాంపు ఉంటేనే చరిత్ర కాబోలు.

సరే, రాళ్ళ గురించే మాట్లాడుకుందాం. చారిత్రక నగరంలో పెడదాం అన్నది మీరే కాబట్టి.

వేయిస్తంభాల గుడి 1163లో రుద్రదేవుడు కట్టించాడు. శాసనం అక్కడే ఉంది. మూడు గర్భగుళ్ళు. ఒకదాంట్లో శివుడు, ఒకదాంట్లో విష్ణువు, ఒకదాంట్లో సూర్యుడు. శైవులూ వైష్ణవులూ వాదులాడుకునే దేశంలో ముగ్గురికీ కలిపి ఒకే రంగమండపం. దాని ఎదురుగా కల్యాణమండపం ఉంది. పునాది కుంగిందని 2006లో దాన్ని విప్పారు. అవును, విప్పారు. స్తంభాలకీ దూలాలకీ నంబర్లు వేసి పక్కన పేర్చారు. తిరిగి నిలబెట్టి తెరిచింది 2024 మార్చిలో, శివరాత్రికి. పద్దెనిమిదేళ్ళు! నా చిన్నప్పుడు అమ్మతో గుడికి వెళ్తే ఆ రాళ్ళ కుప్ప చూసి "ఇవెప్పుడు లేపుతరమ్మా?" అని అడిగేవాణ్ణి. ఇంజనీరింగ్ అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, అప్పటికీ రాళ్ళు కుప్పగానే ఉన్నాయి. ఆలస్యం గురించి ఎంతైనా తిట్టొచ్చు, నేనూ తిట్టాను. కానీ పని చేసినవాళ్ళు ఒక్క విషయంలో తొందరపడలేదు. ఏ రాయి ఎక్కడిదో ఆ రాయి అక్కడికి చేరాలి, పగిలిన చోట కొత్తది చెక్కి పెట్టాలి. "ఇరవై నాలుగు రాళ్ళు దొరికాయి, చాలు, కానిచ్చేద్దాం" అనలేదు. లెగసీ కోడు ముట్టుకోవాలంటే భయపడే మనకి ఆ మండపం ముందు ఒక గంట నిలబడితే వచ్చే జ్ఞానం ఏ ట్రైనింగులోనూ రాదు.

కోట సంగతి. గణపతిదేవుడు మొదలుపెడితే రుద్రమదేవి పూర్తిచేయించిన రాతికోట. నలభై అయిదు బురుజులు. దాని వెలుపల మట్టికోట, కందకం. 1323లో ఢిల్లీ సేనలు గెలిచాక లోపలి స్వయంభూ శివాలయం పోయింది. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు మిగిలాయి. 2014లో తెలంగాణ రాజముద్రలోకి ఎక్కింది ఆ తోరణమే. అంటే మన టీషర్టు మీద వెయ్యబోయే బొమ్మ ఒక గుడికి ద్వారం. తోరణాల మధ్య విరిగిన స్తంభాలు, చెక్కిన రాళ్ళు పరుచుకుని ఉంటాయి. అదంతా నడిచి చూడాలంటే ముప్పావు గంట చాలదు. కోట చచ్చిన మ్యూజియం కూడా కాదు, గోడల లోపల ఇప్పటికీ ఇళ్ళున్నాయి, జనం ఉన్నారు, పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. పక్కనే ఏకశిల గుట్ట. ఓరుగల్లు పేరు ఆ ఒంటిరాయి నుంచే వచ్చిందంటారు. టికెట్టు మీరు బెంగళూరులో తాగే కాఫీ కన్నా చవక.

రుద్రమదేవిని గుర్రమెక్కిద్దాం అన్నారు కదా, ఆమె గురించి ఒక చిన్న సంగతి. ఆమె ఎప్పుడు పోయిందో చరిత్రకారులకి చాలాకాలం తేలలేదు. తేల్చింది నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం. అది వేయించింది ఏ రాజో, మంత్రో కాదు. ఆమె కొలువులో ఉన్న ఒక బంటు. ఆమెకీ, ఆమెతోపాటు పోయిన సేనానికీ పుణ్యం కలగాలని దేవుడికి భూమి ఇచ్చి రాయి పాతాడు. వేషాలు వేసేవాళ్ళు వేరు, గుర్తుపెట్టుకునేవాళ్ళు వేరు. ప్రతి సంఘంలోనూ అంతే.

ఇక రామప్ప. హనుమకొండకి దాదాపు 70 కిలోమీటర్లు. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. నీళ్ళలో తేలే ఇటుకలతో శిఖరం, ఇసుక నింపిన పునాది, అద్దంలా మెరిసే నల్లరాతి మదనికలు. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కానీ జనం దాన్ని రుద్రుడి గుడి అనరు. రామప్ప గుడి అంటారు, చెక్కిన శిల్పి పేరు రామప్ప అని చెప్పుకుంటారు. డబ్బు పెట్టినవాడి పేరు శాసనంలో ఉంది. పనిచేసినవాడి పేరు జనం నోట్లో ఉంది. మా కోర్ కమిటీకి ఇది ప్రత్యేకంగా వినిపిస్తున్నాను.

ఇదంతా ఉన్న ఊరికొచ్చి రిసార్టు గోడల మధ్య కూర్చుంటే, అది వరంగల్ అయితేనేం, షామీర్‌పేట అయితేనేం? డీజే అదే, నీలం రంగు పూల్ అదే. "చారిత్రక నగరం" అన్నది ఇన్విటేషను మీద అచ్చువేసుకోవడానికేనా?

తిట్టడం తేలిక, నువ్వేం చేస్తావో చెప్పు అన్నారు. చెప్పాను. అదీ షీటు మీదే.

శనివారం పొద్దున్నకల్లా కాజీపేటలోనో వరంగల్లోనో రైలు దిగాలి. రెండూ పెద్ద స్టేషన్లే, రైళ్ళకి కొదవ లేదు. హనుమకొండలో మామూలు లాడ్జి, ముగ్గురికో రూము, మనిషికి ఆరువందలు. పిల్లలతో వచ్చేవాళ్ళకి విడిగా రూము. తిండికి వంటమనిషిని మాట్లాడాను, రెండ్రోజులకీ టిఫిన్లు, భోజనాలు కలిపి ఎనిమిదొందల యాభై. రామప్పకి బస్సు, నలభై మంది వస్తే తలా మూడొందల యాభై. టికెట్లు, చాయ్‌లు, చిల్లర కలిపి రెండొందలు. మొత్తం రెండు వేలు. ప్రోగ్రాం అంతా పగటిపూట. రాత్రి భోజనాలయ్యాక కొత్తవాడ జంపఖానాలు పరుచుకుని కబుర్లు. తాగాలనుకున్నవాళ్ళు తర్వాత మీ రూముల్లో మీ ఇష్టం, అది కార్యక్రమంలో భాగం కాదు. జంపఖానాలు అద్దెకి కాదు, కొందాం. ఆఖర్న తలా ఒకటి ఇంటికి పట్టుకెళ్ళొచ్చు, తోరణం బొమ్మ టీషర్టు బదులు. ఆ ఇరవై ఎనిమిది వేలు థర్మకోల్‌కి పోసే బదులు మగ్గానికి పోతాయి.

డబ్బు విషయంలో ఒకే నియమం. పాత నోట్‌బుక్కు పద్ధతి. రెండు వేలు అన్నది ఖర్చు, ఫీజు కాదు. ఎవరెంత ఇవ్వగలిగితే అంత ఒకరికి పంపాలి, ఎక్కువ ఇచ్చినా తక్కువ ఇచ్చినా అసలివ్వకపోయినా ఆ ఒక్కరికే తెలియాలి. గ్రూపులో యూపీఐ స్క్రీన్‌షాట్లు పెట్టడం నిషేధం. పేర్లు ఉంటాయి, అంకెలు ఉండవు.

ఓటింగు పెట్టారు. ముప్పై మూడు మంది ఓటేశారు. రిసార్టుకి పందొమ్మిది, నా షీటుకి పద్నాలుగు. ఓడిపోయాను. ప్రజాస్వామ్యం కదా, ఒప్పుకోవాలి. కానీ ఒక విషయం గమనించండి. "కుదరదు" అన్న పదిమందిలో ఎనిమిది మంది ఓటే వెయ్యలేదు. తమది కాని కార్యక్రమానికి ఓటు వెయ్యడానికి కూడా మొహమాటపడ్డారు. రానివాళ్ళని వదిలేసి వచ్చేవాళ్ళని అడిగితే మెజారిటీ ఎప్పుడూ వచ్చేవాళ్ళదే అవుతుంది. ఎవరెవరు రాకుండా పోయారో అడగని ఓటింగు అది.

అందుకని హోస్టు పదవికి నమస్కారం పెట్టేశాను. కోర్ కమిటీ నిక్షేపంగా నడుపుకోవచ్చు, తోరణానికి అడ్వాన్సు కూడా ఇచ్చేశారట. నేను మాత్రం అదే శనివారం పొద్దున ఆరున్నరకి కోటలో తూర్పు తోరణం దగ్గర ఉంటాను. నా రూమ్మేటు వస్తానన్నాడు, ఈసారి చాయ్‌కి టైం ఉంది. ఉద్యోగం పోయినవాడు కూడా వస్తానన్నాడు. చంటిబిడ్డతో ఆ అమ్మాయి, వాళ్ళాయనతో కలిసి పగటి రైలుకి వస్తానంది. ఇప్పటికి పదకొండు మందిమి తేలాం. సర్వపిండి సంగతి మా అమ్మకి చెప్తే, "పదకొండు మందేందిరా, మీరు యాబై మంది గదా?" అంది. ఏం చెప్పాలో తెలియక "మిగిలినోళ్ళు తర్వాత వస్తరమ్మా" అన్నాను.

చదువుతున్న మీక్కూడా ఏదో ఒక బ్యాచి, ఏదో ఒక సంఘం ఉండే ఉంటుంది. ఈ డిసెంబరులోనో సంక్రాంతికో మీరూ కలుస్తారు, షీటు ఇప్పటికే తిరుగుతుంటుంది. మీ పేరు ఎదురుగా "ఎస్" అని కొట్టేముందు ఒక్క పని చెయ్యండి. "కుదరదు" అన్నవాళ్ళ పేర్లు చూడండి. అందులో ఒకరికి ఫోన్ చెయ్యండి. మెసేజి కాదు, ఫోను. ఎందుకు కుదరదో కనుక్కోండి. కారణం పెళ్ళో, రిలీజో అయితే సరే. డబ్బయితే మాత్రం ఆ షీటు తప్పు, ఆ మనిషి కాదు. షీటు మార్పించండి. మార్చకపోతే నాలాగా బయటికి రండి.

రిసార్టులు ఎక్కడికీ పోవు. ఆఖరి పేజీలో పేర్లు రాసిన ఆ నోట్‌బుక్కు లాంటివాళ్ళు మాత్రం రెండుసార్లు పిలవకపోతే మూడోసారికి గ్రూపులోంచి చప్పుడు లేకుండా వెళ్ళిపోతారు. "లెఫ్ట్" అని బూడిదరంగు అక్షరాల్లో ఒక్క లైను వస్తుంది, కింద ఎవడో గుడ్ మార్నింగ్ పెడతాడు, అది పైకి జరిగిపోతుంది. మా గ్రూపులో ఇప్పటికి అలాంటి లైన్లు ఆరు వచ్చాయి. ఆరుగురిలో ఒక్కరికి కూడా నేను ఫోన్ చెయ్యలేదు. ఈ వారం మొదలుపెట్టాను.